గడప మీదుగా అందని రొట్టె

ఈ కథలో ఒక్క అబద్ధం ముక్క కూడా లేదు. మొదటి భాగం నుంచి ఇప్పటిదాకా నేను రాసిందంతా అక్షరాలా జరిగిందే. కావాలంటే పందెం... సరే, ఈ కథలో ఆ మాట అనకూడదు గనక ఊరుకుంటున్నాను. అనుమానం ఉన్నవాళ్లు కప్చగాయ్ సరస్సు ఒడ్డుకి వచ్చి, మధ్యాహ్నం పూట నీళ్లకు చెవి ఆనించి వినండి. అడుగున మునిగిపోయిన పాత ఊళ్లో రైలు స్టేషను గంట ఇప్పటికీ మోగుతుంది. అది వినగానే వాలుగ చేపలు మీసాలు దువ్వుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి. రైలు రాదు. కాసేపు చూసి ఇళ్లకు పోతాయి. ఇంత చిన్న విషయంలోనే నిజం తప్పనివాణ్ణి, పెద్ద విషయంలో తప్పుతానా?

పోయినవారం ఎక్కడున్నాం? ఇలీ నది పొడుగునా గుర్రాల సంగతి తెలిసిన వాడెవడంటే చిన్నపిల్లలు కూడా బైదుల్దా పేరే చెబుతారు. అలాంటి బైదుల్దా తన మందనంతా సరస్సు ఒడ్డున ఉన్న ‘నీలి ఒంటె’ జూదశాలకు మేపేశాడు. చివరికి ఒక ముసలి ఆడగుర్రం మిగిలింది. కిందటి శరత్కాలంలో ఒకరోజు ఆయన తన కాళ్లతో తానే పట్నం ఆఫీసుకి నడిచివెళ్లి, “నా మొహం చూస్తే ఏ జూదశాల తలుపూ తెరవకూడదు, నేను బతిమాలినా సరే” అని సంతకం పెట్టి వచ్చాడు. ఊళ్లో పెద్దలు ఎవరినైనా వెలి వేస్తే చూశాం గానీ, ఒక మనిషి తనను తానే వెలి వేసుకోవడం మా వైపు అదే మొదలు. మళ్లీ శరత్కాలం వచ్చేదాకా ఆ సంతకాన్ని ఆయన కూడా చెరపలేడు. ఆయన ఫోటో అన్ని గుమ్మాలకూ వెళ్లింది. అంతటితో ఆగక, ‘నీలి ఒంటె’ గుమ్మం కాసే కెంజెబెక్ దగ్గరికి వెళ్లి, రొట్టె మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. మా వైపు పెద్దాయన్ని ఆత, పెద్దావిడని ఆపా అంటాం. “ఆత లోపల అడుగు పెడితే రొట్టె నన్ను కొట్టుగాక” అన్నాడు కెంజెబెక్. మా వైపు అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

చలికాలం గడిచింది. ఇప్పుడు ఎండాకాలం మొదట్లో, పాప్లర్ చెట్లు దూది విడిచే రోజుల్లో, నీలి మఖమల్ చపాను కోటు తొడుక్కుని, పందేల్లో గెలిచిన పతకాలన్నీ గుండెల మీద వేలాడేసుకుని, ఆ ముసలి గుర్రం మీద బైదుల్దా జూదశాల వైపు వస్తున్నాడు. అది కెంజెబెక్ చూశాడు. అక్కడ ఆగాం.

*

దూది ఎంత పడుతోందంటే, వరుసగా నిలబెట్టిన కార్లన్నీ గొర్రెల్లా ఉన్నాయి. గుర్రం వాటి మధ్యనుంచి చప్పుడు లేకుండా నడిచివస్తోంది. డెక్కల కింద నేల లేనట్టు, గాలిలో ఈదుతున్నట్టు. వెనకాల సరస్సు, దాని వెనకాల ఆకాశం. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఎండకు కరిగిపోయింది. కెంజెబెక్‌కి ఒక్క క్షణం తాను మళ్లీ చిన్నపిల్లవాడినైనట్టు, ఆ గుర్రం తనను ఎక్కించుకోవడానికి వస్తున్నట్టు అనిపించింది. కళ్లు నులుముకున్నాడు. టోపీ సర్దుకున్నాడు. గాజు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

ఆ తలుపు సంగతి కూడా చెప్పాలి. పొగరంగు గాజు. బయట నిలబడ్డవాడికి తన మొహమే కనిపిస్తుంది. దగ్గరికి ఎవరు వచ్చినా దానంతటదే పక్కకి జరుగుతుంది, వచ్చినవాళ్లు కదలకుండా నిలబడితే కాసేపటికి మూసుకుంటుంది. అడగదు, చూడదు. అడగడానికీ చూడడానికీ కెంజెబెక్‌ని పెట్టుకున్నారు.

బైదుల్దా దిగి, దీపస్తంభానికి గుర్రాన్ని కట్టాడు. అది జూదశాల వైపు వీపు తిప్పి నిలబడింది.

“ఏరా కెంజే, పశువులూ ప్రాణాలూ క్షేమమా?”

“క్షేమమే ఆతా. మీ దగ్గర?”

“పశువుల సంగతి ఈ లోపలివాళ్లనే అడుగు. ప్రాణం మాత్రం ఉంది. జరుగు.”

“జరగను ఆతా.”

“నేనెవరో గుర్తుందా?”

“గుర్తుండబట్టే జరగడం లేదు.”

బైదుల్దా మీసంలో నవ్వాడు. “నిన్ను మొదటిసారి గుర్రం ఎక్కించినప్పుడు నీ కాళ్లు రికాబులకు అందేవి కావు. నా నడుం గుడ్డ విప్పి నిన్ను జీనుకి కట్టాను. ఎంత ఏడిచావని!”

“ఏడవలేదు. దుమ్ము పడింది.”

“కంట్లోనా, ముక్కులోనా? రెంటిలోంచీ కారిందే!”

కెంజెబెక్ మొహం ఎర్రబడింది గానీ కాలు కదల్లేదు. ఈ నవ్వు అతనికి తెలుసు. చలికాలంలో ఇదే నవ్వుతో బైదుల్దా ఉన్ని ఫెల్టు చాపలో చుట్టుకుని సామాన్ల బండిలో వచ్చాడు. చాప తుమ్మింది, దొరికిపోయాడు. ఇంకోసారి గడ్డం గీయించుకుని వచ్చి, నేను బైదుల్దాని కాదు, ఆయన కవల తమ్ముణ్ణి అన్నాడు. “మీ పేరేంటి?” అంటే “బైదుల్దా” అన్నాడు. “మరి మీ అన్న పేరు?” అంటే “బైదుల్దానే. మా అమ్మకి ఆ రోజు పేర్లు దొరకలేదు” అన్నాడు. రెండుసార్లూ వెనక్కి పంపేముందు కెంజెబెక్ ఆయన చేత రొట్టె కొరికించాడు. గుమ్మం దాకా వచ్చిన మనిషి ఏమీ నోట పెట్టకుండా వెళ్లిపోతే ఆ ఇంటి కళ ఆయన వెంటే వెళ్లిపోతుంది. అది జూదశాల గుమ్మమైనా సరే, కాసేవాడు కజాఖు కదా.

అప్పుడు సరస్సు వైపునుంచి ఒక తెల్ల కొంగ నడుచుకుంటూ వచ్చింది. వడ్డీ వసూలుకి వచ్చిన షావుకారులాగ మెడ నిక్కించి, అడుగులో అడుగు వేసుకుంటూ, ఇద్దరి పక్కనుంచీ గుమ్మం దగ్గరికి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. లోపలినుంచి చల్లగాలీ, దానితోబాటు ఆ చప్పుడూ వచ్చాయి. దూరంగా ఎక్కడో కొండ అవతల గొర్రెల మంద దిగుతుంటే మెడగంటలన్నీ ఒక్కసారి మోగినట్టుండే చప్పుడు. కొంగ లోపలి చీకట్లోకి తొంగిచూసి, నచ్చనట్టు వెనక్కి తిరిగింది. తలుపు మూసుకుంది.

ఆ కాసేపట్లో బైదుల్దా తల ఒక పక్కకి ఒరగడం, ఆయన కుడిచేతి వేళ్లు చపాను అంచు మీద ఏదో నొక్కుతున్నట్టు కదలడం కెంజెబెక్ చూశాడు.

“చూశావా?” అన్నాడు బైదుల్దా గొంతు సవరించుకుని. “కొంగని అడిగిందా, నీ ఫోటో ఉందా అని?”

“కొంగ సంతకం పెట్టలేదు ఆతా.”

“పెట్టినవాణ్ణి నేనే కదరా. నా సంతకం మీద నాకు హక్కు లేదా?”

“మీకు హక్కు ఉండకూడదనే కదా పెట్టారు.”

కెంజెబెక్ కాపలా గదిలోంచి తన మధ్యాహ్నం తిండి మూట తెచ్చాడు. గోడ నీడలో, పాప్లర్ దూది మీదే గుడ్డ పరిచాడు. ఇంట్లో పొద్దున వేయించిన రొట్టెముద్దలు పోశాడు. ఫ్లాస్కులోంచి పాలు కలిపిన టీ, నిండుగా కాకుండా, పెద్దవాళ్లకి మర్యాదగా పోసినట్టు కొంచెమే పోశాడు.

“కూర్చోండి ఆతా. రొట్టె ముట్టుకుని వెళ్లండి.”

“ముట్టను.”

కెంజెబెక్‌కి తాను విన్నది అర్థం కాలేదు. తిట్టినా తట్టుకునేవాడు. కొరడాతో ఒకటి వేసినా, చిన్నప్పటి అలవాటే గనక, వీపు అటు తిప్పేవాడు. గుడ్డ మీద పోసిన రొట్టెని ఆత ముట్టను అనడం మాత్రం అతను పుట్టాక వినలేదు.

“ఆతా, నా మీద కోపమైతే...”

“కోపం కాదు. నేను ఆడటానికి రాలేదురా.”

“తమ్ముడిగా వచ్చినప్పుడూ అదే అన్నారు.”

“అప్పుడు అబద్ధం.”

“ఇప్పుడు?”

బైదుల్దా పతకాలు సర్దుకున్నాడు. అవి ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. “నా ముసల్ది లోపల ఉంది.”

కెంజెబెక్ గట్టిగా నవ్వేశాడు. గుండె మీది బరువంతా దిగిపోయింది. “ఇంతేనా! ఉర్కియా ఆపా కోసమా? ఉంటుంది ఆతా, రోజూ వస్తుంది. మీ కోసమే! మీరు ఏ సందులోంచైనా దూరారేమోనని లోపలంతా చూసుకుని వెళ్తుంది. మీరు సంతకం పెట్టిన కొత్తల్లోనే వచ్చింది. ‘మా ఇంటాయన లోపల ఉన్నాడా?’ అంది. లేరు ఆపా అన్నాను. నమ్మలేదు. మీ సంగతి తెలిసిన మనిషి కదా, ఎలా నమ్ముతుంది? చూసి వస్తానంది. పంపాను.”

“రోజూనా?”

“రోజూ. వెళ్లేటప్పుడు అరచేతులు పట్టి నన్ను దీవిస్తుంది కూడా. ‘నీ గుమ్మం ఎప్పుడూ ఖాళీ కాకూడదు నాయనా’ అని.”

కెంజెబెక్ ఈ మాట కొంచెం గర్వంగానే చెప్పాడు. బైదుల్దా అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కాలు విరిగిన గుర్రప్పిల్లని చూసే చూపు అది.

“ఒరేయ్ కెంజే. రోజూ పొద్దున నేను ఇంట్లో, నా చోట్లో, నా దిండుకి ఆనుకుని కూర్చుంటాను. నా ముసల్ది నా ఎదురుగా కూర్చుని టీ పోస్తుంది. నేను తాగుతాను. ‘బజారుకి వెళ్లొస్తా’ అని లేస్తుంది. నేను గుమ్మం దాకా వెళ్లి చెప్పులు సర్ది పెడతాను.” ఆగాడు. “ఇంట్లో కూర్చోబెట్టి వచ్చిన మనిషిని ఇక్కడ వెతుకుతుందిట్రా?”

దూది పడుతూనే ఉంది. రొట్టెముద్దల మీద పడింది. టీ మీద ఒక పోగు పడి, తిరుగుతూ తిరుగుతూ ఒక అంచు దగ్గర ఆగింది.

కెంజెబెక్ ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నాడు. మొదట్లో ఆపా లోపలికి వెళ్లి వస్తే తన టీ ఇంకా వేడిగానే ఉండేది. తరవాత తరవాత చల్లారేది. ఈమధ్య ఆమె లోపలికి వెళ్లేటప్పుడు గోడ మొదట్లో ఉండే నీడ, వచ్చేసరికి రోడ్డు దాటి పోతోంది. అది చూడలేదా? చూశాడు. అడగలేదా? పెద్దావిడని, ‘ఇంతసేపు ఏం చేశావు ఆపా’ అని ఏ నోటితో అడుగుతాడు? మనవాళ్లలో ఎవరైనా అడుగుతారా?

“ఎలా తెలిసింది ఆతా?” అన్నాడు.

“మీగడ తీసే మర తెలుసుగా మా ఇంట్లో, చేత్తో తిప్పేది? పాలు పోసి తిప్పుతుంది. పాలు అయిపోతాయి. చెయ్యి వదిలేస్తుంది. పిడి దానంతటది తిరుగుతూ ఉంటుంది కదా, మెల్లగా, ఇంకా మెల్లగా. నా ముసల్ది దాన్నే చూస్తూ కూర్చుంటోంది. ఊపిరి బిగబట్టి. అది ఆగేదాకా. ఆగాక ఒక నిట్టూర్పు.” బైదుల్దా కళ్లు దించుకున్నాడు. “ఆ నిట్టూర్పు నాదిరా. నా దగ్గరే నేర్చుకుంది.”

గాలి లేకపోయినా గుర్రం చెవులు కదిలాయి. మళ్లీ ఆ కొంగ ఎటునుంచో వచ్చింది. మళ్లీ తలుపు తెరుచుకుంది, గంటల చప్పుడు బయటికి పొర్లింది, మూసుకుంది. ఈసారి బైదుల్దా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని ఒకదాన్ని ఇంకొకటి పట్టుకున్నాడు.

“పొద్దున ఆఫీసుకి వెళ్లాను,” అన్నాడు. “నా పెళ్లాం పేరు కూడా రాసుకోండి అన్నాను. ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మంచిదే. టీ ఇచ్చింది. ‘ఎవరి తలుపు వాళ్లే మూసుకోవాలి ఆతా, ఇంకొకరి తలుపు మీరు మూయలేరు’ అంది. నేను అరిచాను. నలభై ఏళ్లు ఒకే దుప్పటి కింద పడుకున్నాం, దానిది నాది ఏంటి అన్నాను. ఆ అమ్మాయి ఇంకో కప్పు టీ పోసింది.”

కెంజెబెక్‌కి అప్పుడు అసలు సంగతి తట్టింది. నేలమీద పరిచిన గుడ్డ వైపు చూశాడు. మొట్టమొదటి రోజు ఉర్కియా ఆపా నిజంగానే వెతికి, నిజంగానే ఎవరూ లేరని చూసుకుని, తిరిగి వెళ్లిపోబోయింది. వెళ్లిపోయేదే. తానే ఆపాడు. “గడప దాకా వచ్చి నోట ఏమీ పెట్టకుండా పోతారా ఆపా? నా పరువేం కావాలి?” అన్నాడు. లోపల కూర్చోవడానికి ఎత్తుపీట ఒక్కటే ఖాళీగా ఉంది, గుర్రప్పిల్లల బొమ్మలు తిరిగే మెషిన్ ముందు. అక్కడే కూర్చోబెట్టాడు. టీ బండి తోసే పిల్లని పిలిచి వేడి టీ, రొట్టె పెట్టించాడు. టీ మరీ వేడిగా ఉంది. చల్లారేదాకా ఏం చేస్తుంది? “ఇదిగో ఆపా, కొత్తవాళ్లకి ఒక ఆట ఊరికే ఇస్తారు, ఈ బొత్తాం నొక్కండి, గుర్రప్పిల్లలు పరిగెత్తుతాయి, చూడండి ఎంత ముద్దుగా ఉంటాయో” అన్నది ఆ పిల్లే గానీ, పక్కన నిలబడి తల ఊపింది తాను. ఆపా నవ్వింది. పోయిన మందలోవి చాలా రోజుల తరవాత కనబడ్డట్టు నవ్వింది.

“ఆతా,” అన్నాడు. “నేనే.”

“ఏంటి నువ్వే?”

“నేనే రొట్టె పెట్టాను.”

బైదుల్దాకి విడమరచి చెప్పక్కర్లేకపోయింది. గుడ్డ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. “నేను మాత్రం ఏం చేసేవాణ్ణి?” అన్నాడు చివరికి. “నేనైనా పెట్టేవాణ్ణే. గడప దాకా వచ్చిన మనిషిని వట్టినోటితో పంపుతామా?”

ఆ ఓదార్పు కెంజెబెక్‌ని తిట్టుకంటే ఎక్కువ నొప్పించింది.

“అందుకే ముట్టనంటున్నాను,” అన్నాడు బైదుల్దా. “లోపలున్నది బయటికి వచ్చి తన చేత్తో పెడితే తింటాను. లేదా నన్ను లోపలికి పంపు. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేస్తా.”

“లోపలికి వెళ్తే,” అన్నాడు కెంజెబెక్ మెల్లగా, “మీ కాళ్లు ఆపా దగ్గరికి వెళ్తాయా ఆతా? ఇంకెక్కడికైనానా?”

పతకాలు మోగడం ఆగింది. కొంగ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. ఒంటికాలి మీద, నిద్రపోతున్నట్టు. దాని వెనక తలుపు తెరుచుకునే ఉంది. చల్లని చీకటి. ఎండలో నిలబడ్డ కళ్లకు అందులో ఏమీ కనిపించదు. గంటలు మోగుతున్నాయి. కొండ అవతల మంద దిగుతూనే ఉంది. అందులో బైదుల్దా గుర్రాలన్నీ, తెల్లవీ నల్లవీ ఎర్రవీ, పేరు పేరునా సకిలిస్తున్నట్టుంది. ముసలాయన వింటున్నాడు. ఆయన మొహం ఎంత ప్రశాంతంగా ఉందంటే కెంజెబెక్‌కి భయమేసింది.

తలుపు మూసుకుంది.

“తెలీదురా,” అన్నాడు బైదుల్దా. “నిజంగా తెలీదు.”

ఇంత నిజం ఆయన నోట కెంజెబెక్ ఇదివరకు వినలేదు. అందుకేనేమో, జూదశాలలు పుట్టాక ఏ కాపలావాడూ చెయ్యని పని చేశాడు. తన టోపీ తీసి బైదుల్దా తలమీద పెట్టాడు.

“నేను వెళ్తాను. గుమ్మం మీరు కాయండి.”

“నేనా?”

“ఎవర్నీ పంపొద్దు. ముఖ్యంగా బైదుల్దా అని ఒక ముసలాయన వస్తాడు. తన తమ్ముణ్ణని చెబుతాడు. చాపలో చుట్టుకుని కూడా వస్తాడు.”

బైదుల్దా టోపీ సరిగ్గా పెట్టుకున్నాడు. వీపు నిటారుగా అయింది. “వాడు నాకు తెలుసు,” అన్నాడు. “మహా మొండివాడు. మాటకారి.”

“పంపుతారా?”

“నా ప్రాణం పోయినా పంపను. నువ్వు త్వరగా రా.”

*

లోపల కిటికీలు లేవు, గడియారం లేదు. తివాచీ అడుగుల చప్పుడు తాగేస్తుంది. ఎండలోంచి వచ్చిన కెంజెబెక్‌కి సరస్సు అడుగుకి దిగినట్టుంది. నీలిరంగు దీపాలు, నెమ్మదిగా కదిలే మనుషులు, తల తిప్పని మొహాలు. అడుగునున్న ఊరు ఇలాగే ఉంటుంది కాబోలు. రాని రైలు కోసం అందరూ కూర్చుని ఉంటారు, మీసాలు దువ్వుకుని.

గుర్రప్పిల్లల మెషిన్ మూల మీద ఉంది. ఎత్తుపీట ఖాళీ.

పీటకి ఆనించి ఆపా బజారు సంచీ ఉంది, ముడి విప్పకుండా. పక్కన టీ, ఒక్క గుక్క కూడా తాగలేదు. పళ్లెంలో నిన్న కాల్చిన గుండ్రని రొట్టె, ఒక పక్క తుంచి ఉంది. మనిషి లేదు. మెషిన్ మాత్రం దానంతటదే ఆడుతోంది. ఒకసారి నొక్కి వదిలేస్తే వద్దనేదాకా ఆడే ఏర్పాటు ఉంది దానికి. గుర్రప్పిల్లలు తిరుగుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్లీ తిరుగుతున్నాయి. చూసేవాళ్లు లేకపోయినా.

“ఆపా!” అని పిలిచాడు. ఆ తివాచీ ఆ పిలుపుని కూడా తాగేసింది.

వెతుక్కుంటూ మళ్లీ గుమ్మం వైపు వచ్చేసరికి, తలుపు పక్కన ఉన్న ప్లాస్టిక్ ఖర్జూరపు చెట్టు వెనక తెల్లటి తలగుడ్డ కనిపించింది. ఉర్కియా ఆపా. పొట్టి మనిషి. చేతిలో తుంచిన రొట్టెముక్క. ఇందాక ఆమె పక్కనుంచే దాటి వెళ్లాడు తాను.

“ఆయన రొట్టె ముట్టలేదు కదూ,” అంది, కెంజెబెక్ వైపు తిరక్కుండానే.

“లేదు ఆపా.”

“పెళ్లయినప్పటినుంచీ చూస్తున్నా. ఎంత పోగొట్టుకుని వచ్చినా రొట్టె మీద అలిగిన మనిషి కాడు.” తలగుడ్డ కొంగుతో మూతి అద్దుకుంది. “నా వల్ల అలిగాడు.”

“మీ వల్ల కాదు. నా వల్ల. ఆ మొదటి రోజు నేను...”

“ఊరుకో నాయనా. నువ్వు రొట్టె పెట్టావు. నేను బొత్తాం నొక్కాను. రెండూ ఒకటేనా?”

రెండడుగులు ముందుకి వేసింది. తలుపు తెరుచుకుంది.

ఎండ ఒక్కసారి లోపలికి పడింది. ఆ ఎండలో, దూది వానలో, కాపలావాడి టోపీ పెట్టుకుని, నీలి చపానులో, కాళ్లు రెండూ దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడి ఉన్నాడు బైదుల్దా. గడపకి జానెడు అవతల. అంతకంటే ఇటు రాలేదు. కెంజెబెక్ చూసుకున్నాడు, నిజంగానే రాలేదు.

ముసలివాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“కొత్తగా పెట్టుకున్నారా మిమ్మల్ని?” అంది ఉర్కియా.

“ఇవాళే చేరాను.”

“టోపీ బాగుంది.”

“తల పెద్దది. కొంచెం బిగుతు.” బైదుల్దా టోపీ సర్దుకున్నాడు. “లోపలికి ఎవర్నీ పంపను ముసల్దానా. అది నా పని. బయటికి వచ్చేవాళ్లని మాత్రం ఆపేదేమీ లేదు.”

ఉర్కియా చేతిలో రొట్టెముక్క వైపు చూసుకుంది. “నేను వెతకడానికే వచ్చానయ్యా. మొదటిసారి.”

“తెలుసు.”

“తరవాత కూడా అదే అనుకున్నాను. మీరు పోగొట్టుకున్న చోటే ఎక్కడో ఉంటారనిపించేది. ఇంట్లో కూర్చున్నది మీరు కాదనిపించేది. ఆ దిండుకి ఆనుకుని కూర్చున్న మనిషి నవ్వడు, తిట్టడు. ఇక్కడ ఆ గుర్రప్పిల్లలు తిరుగుతుంటే... మీరు వాటి వెనకాలే అరుచుకుంటూ వస్తున్నట్టుండేది.”

బైదుల్దా చెయ్యి చాపాడు. “రొట్టె ఇలా ఇవ్వు.”

ఆమె చెయ్యి చాపింది. రెండు చేతులూ గడప పైకి వచ్చి, రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. గడప మీదుగా ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. అది ఇద్దరికీ అమ్మల ఒళ్లో కూర్చున్నప్పుడే తెలుసు. అలా ఇచ్చినదాంట్లో కళ ఉండదు.

“గడప మీదుగా వద్దు,” అంది ఆమె.

“వద్దు.”

“అయితే మీరు ఇటు...” అనబోయి, ఆయన తలమీది టోపీ చూసి ఆగింది.

“నేను రాకూడదు.”

“రాకూడదు,” అని ఒప్పుకుంది.

చేతులు గడప పైనే ఉండటంతో తలుపు మూసుకోవడం లేదు. చల్లగాలీ వేడిగాలీ గడప మీద ఒకదానితో ఒకటి తోసుకుంటున్నాయి. ఒక దూది పోగు లోపలికి వచ్చింది, బయటికి వెళ్లింది, మళ్లీ వచ్చింది. బయట గుర్రం, ఇంతసేపటికి మొదటిసారి, జూదశాల వైపు తల తిప్పి చూసింది.

అప్పుడు వెనకాల, ఆ మూలలోంచి, పాట మొదలైంది. కెంజెబెక్‌కి తెలుసు అది ఏ పాటో. గుర్రప్పిల్లలన్నీ ఒకే వరుసలో ఆగితే ఆ మెషిన్ పాడే పాట. ఎప్పుడో ఒకసారి పాడుతుంది. పాట అయిపోయేలోపల వచ్చి బొత్తాం మీద చెయ్యి పెట్టినవాళ్లకే గెలుపంతా. తివాచీ దాన్ని తాగలేదు. హాలంతా తలలు అటు తిరిగాయి. సరస్సు అడుగున ఎన్నో ఏళ్ల తరవాత రైలు వచ్చినట్టు.

బైదుల్దా కూడా విన్నాడు. ఆయనకీ తెలుసు ఆ పాట. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు, కానీ దాని వేళ్లు ఏదో నొక్కుతున్నట్టు కదిలాయి. కాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఉర్కియా వెనక్కి తిరిగి చూడలేదు. రొట్టెముక్కని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.

పాదం ఎత్తింది.

*

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మొదట్లో నేను అబద్ధం లేదన్నాను. ఒకటుంది. ఆ కొంగ.

వాలుగల సంగతి నిజమే, దాని జోలికి రాకండి. చాప తుమ్మడమూ నిజమే. కొంగ మాత్రం నేను పెట్టింది. ఆ మధ్యాహ్నం జూదశాల గుమ్మం దగ్గరికి ఏ పక్షీ రాలేదు. అయితే కొంగ వచ్చిందని నేను రాసిన ప్రతిచోటా తలుపు తెరుచుకున్నది మాత్రం జరిగిందే. అటువంటి తలుపు ఊరికే తెరుచుకోదు. బయటినుంచి ఎవరూ దగ్గరికి రాలేదు. అంటే లోపలినుంచి ఎవరో ఆ చీకట్లో గడప దాకా వచ్చి, బయట ఎండలో మాట్లాడుకుంటున్న ఇద్దరినీ విని, మళ్లీ వెనక్కి వెళ్లిపోయారు. పెద్దావిడ పరువు కోసం అక్కడ ఒక కొంగని నిలబెట్టాను.

వెనక్కి వెళ్లిపోయిన ప్రతిసారీ కూడా, తిరిగేముందు ఆమె పాదం ఇలాగే ఎత్తింది.